టాండెమ్ మీద వెనక సీటు నొప్పికి

టాండెమ్ (ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తొక్కే సైకిల్) మీద లాంగ్ రైడ్‌లో సీటు నొప్పి వెనకవాళ్లకే ముందొస్తుంది. రోడ్డు కనపడదు కదా, గుంత తగిలేదాకా సీటు మీంచి లేవరు.

ముందున్నవాళ్లు 15 నిమిషాలకోసారి మోగేలా వాచీలో అలారం పెట్టుకోండి. మోగగానే ఒకటి రెండు గేర్లు బరువుగా మార్చి, "మూడు, రెండు, ఒకటి, లే" అనండి. ఇద్దరూ ఒకేసారి లేచి 20 సెకన్లు తొక్కి, మళ్లీ చెప్పి కూర్చోవాలి. గేరు మార్చకుండా లేస్తే పెడల్ ఒక్కసారిగా కిందకి జారి బండి ఊగుతుంది. నిలబడి తొక్కడం ఇంకా అలవాటు కాకపోతే తొక్కడం ఆపి, క్రాంకులు (పెడళ్లు బిగించి ఉండే కడ్డీలు) నేలకు సమాంతరంగా ఉంచి, సీటు మీంచి కాస్త లేచినా చాలు. దిగుడు రోడ్డులో ఇదే హాయి.

పక్కగాలి గట్టిగా కొడుతున్నప్పుడు మాత్రం లేవకండి. చర్మం ఒరుసుకుపోయాక మొదలుపెట్టినా లాభం లేదు, మొదటి గంట నుంచే చేయాలి.