తూర్పు ఆఫ్రికా వలస కాలం స్టాంపులు కలెక్ట్ చేయడం ఎలా?

ఆఫ్రికా పాత స్టాంపులు అనగానే చాలామంది 1853లో కేప్ ఆఫ్ గుడ్ హోప్‌లో వచ్చిన మూడు మూలల స్టాంపు వెనక పడతారు. చాలా అందమైన స్టాంపే, కానీ ఖరీదు. కొత్తవాళ్లకి నేనైతే తూర్పు ఆఫ్రికానే చెప్తా, ఎందుకంటే అక్కడ అప్పట్లో నడిచింది మన రూపాయలు, అణాలే. 1895లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని ఇంపీరియల్ బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా కంపెనీ చేతిలోంచి తీసుకున్నాక, విక్టోరియా రాణి బొమ్మున్న మన ఇండియా స్టాంపుల మీదే "బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా" అని అచ్చు వేసి అమ్మారు, జాంజిబార్‌లో కూడా అలాగే చేశారు. పక్కనున్న జర్మన్ల కాలనీలోనూ లెక్క రూపాయిల్లోనే, 64 పెసాలు (చిల్లర నాణేలు) ఒక రూపాయి, 1905లో దాన్ని 100 హెల్లర్లు చేశారు.

ముందు ఒక సిరీస్ ఫిక్స్ అవ్వండి. 1903లో మొదలైన "ఈస్ట్ ఆఫ్రికా అండ్ ఉగాండా ప్రొటెక్టరేట్స్" స్టాంపులు మంచి స్టార్టింగ్, చిన్న విలువలవి తక్కువకే దొరుకుతాయి. మొదట అణాల్లో ఉంటాయి, తర్వాత సెంట్లు వస్తాయి, ఆ సెంట్లు కూడా రూపాయిలో నూరో వంతే.

కొనాల్సినవి పెద్దగా ఏం లేవు: స్టాంపు ట్వీజర్, 10ఎక్స్ లెన్స్, పెర్ఫొరేషన్ గేజ్ (స్టాంపు అంచు పళ్లు కొలిచేది), స్టాక్‌బుక్ (స్టాంపులు దాచుకునే పుస్తకం), స్టాంపుల వివరాలు, రేట్లు ఉండే స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగ్ పాతదైనా పర్లేదు.

స్టాంపు చేతికొచ్చాక వెనక్కి తిప్పి వాటర్‌మార్క్ (కాగితంలోనే ఉండే గుర్తు) చూడండి. ఒకే కిరీటం, సీఏ (క్రౌన్ ఏజెంట్స్) అక్షరాలు ఉంటే మొదటి ప్రింటింగ్, అదే గుర్తు చాలాసార్లు రిపీట్ అయితే 1904 తర్వాతది, అక్షరాలు రాత లిపిలో ఉంటే 1921 తర్వాతది. బొమ్మ ఒకటే అయినా రేటులో తేడా వచ్చేది ఇక్కడే.

ఓవర్‌ప్రింట్ (పైన అచ్చు వేసిన) స్టాంపుల దగ్గర మాత్రం తొందరపడొద్దు. అసలు ఇండియా స్టాంపు చవక, మీద అచ్చు ఉంటేనే విలువ, అందుకే దొంగ అచ్చులు చాలా ఉన్నాయి. వాడిన స్టాంపైతే లెన్స్‌లో చూడండి, పోస్ట్‌మార్క్ ఇంకు అచ్చు మీద పడాలి, అచ్చే పోస్ట్‌మార్క్ మీదకి ఎక్కిందంటే వదిలేయండి. పెద్ద రూపాయిల స్టాంపులు రెవెన్యూ పనులకి కూడా వాడేవాళ్లు, ఆ పెన్ను గీతల్ని కడిగేసి కొత్తవని అమ్మేవాళ్లున్నారు, కాబట్టి ఖరీదైనవాటికి అసలైనదే అని నిపుణులిచ్చే సర్టిఫికెట్ అడగండి.

కవర్ మీదున్నది ఊడదీయకండి, నీళ్లలో అసలే నానబెట్టకండి, ఆ కాలం ఆకుపచ్చ, ఊదా ఇంకులు చాలావరకు నీళ్లు తగిలితే వెలిసిపోతాయి. పైగా కవర్ మీద మొంబాసా, నైరోబీ, కిసుము ముద్రలు కనిపిస్తే అది 1896 నుంచి 1901 దాకా ఇండియా నుంచి వెళ్లిన కూలీలు వేసిన రైల్వే లైనే, అదొక్కటే ఒక ఆల్బమ్‌కి సరిపోతుంది.

ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధకాలం స్టాంపుల్లోకి వెళ్లొచ్చు. ఆక్రమించిన జర్మన్ ప్రాంతానికి 1917లో జి.ఇ.ఎ. (జర్మన్ ఈస్ట్ ఆఫ్రికా) అని అచ్చు వేసినవి, ఇండియా సైనికులు వాడిన ఐ.ఇ.ఎఫ్. (ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్) స్టాంపులు, రెండూ పక్కపక్కన పెట్టి ఏ సైన్యం ఎక్కడ ఉందో కింద రాసుకోండి.