లోగో చిన్న సైజులో మరకలా పడుతోందా? మాకు పనిచేసిన పద్ధతి

మాది పచ్చళ్ల వ్యాపారం. సీసా లేబుల్ మీద లోగో బాగానే ఉండేది. వాట్సాప్ డీపీలో, కొరియర్ స్టిక్కర్ మీద మాత్రం ఎర్రటి మరకే. అట్టపెట్టెల మీద రబ్బరు స్టాంపు వేస్తే పేరే చదవలేం. కాగితం మార్చాం, రంగు ముదురు చేశాం, పెద్ద జేపీజీ పంపాం, లాభం లేదు.

చివరికి పాత లోగోను నలుపు ఒక్కదాంతో, 15 మిల్లీమీటర్ల వెడల్పులో ప్రింట్ తీసి, చెయ్యి చాచి పట్టుకుని చూశాం. కనబడనివన్నీ తీసేశాం: మామిడాకులు, రంగుల షేడ్, కింది ట్యాగ్‌లైన్. జాడీ ఆకారం, ఎరుపు ఉంచాం. పాత కస్టమర్లు గుర్తుపట్టేది వాటితోనే.

అసలు చిక్కు తెలుగు అక్షరాల్లో ఉంది. గుడులు, వత్తుల మధ్య సందులు సిరాతో పూడిపోతున్నాయి. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సందులు వెడల్పు చేయించి, వత్తులు కాస్త కిందికి దించి, అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా, మార్పించాం. ముందు స్టాంపు చేయించి చూసి, ఆ తర్వాతే డీపీ గుండ్రంలో సరిచూశాం. పాత లేబుళ్లు అయిపోయాకే కొత్తవి వేయించాం.

ఇది అందరికీ పనిచేస్తుందనను. అమ్మకాలు తగ్గాయని లోగో మార్చేవాళ్లకు నా సలహా, ముందు సరుకు చూసుకోండి. 2010లో గ్యాప్ అనే అమెరికా బట్టల కంపెనీ కొత్త లోగో పెట్టి, జనం గోల చేస్తే దాదాపు వారంలోనే పాతదానికి వెళ్లిపోయింది. మీది రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్క్ అయితే లాయర్ని అడగండి. గుర్తింపు బాగా మారిపోయే మార్పుకు సవరణ చాలదు, కొత్త దరఖాస్తు పెట్టాలి.