శరణార్థులకూ స్థానికులకూ అందే పునరావాస సేవలను మదింపు చేయడం

తమిళనాడులోని శ్రీలంక శరణార్థుల శిబిరాల్లోనూ పక్క ఊళ్లలోనూ వికలాంగులకు అందే కృత్రిమ కాళ్ల వంటి ఈ సేవలను పరిశీలించే బృందానికి తమిళం రావాలి. చిత్తూరు వైపు అటువంటివారికి కొదవ లేదు. ‘ఇంట్లో వికలాంగులున్నారా’ అని అడగకూడదు, చాలామంది లేరనే అంటారు. చూపు, వినికిడి, నడక, జ్ఞాపకశక్తి, సొంత పనులు, సంభాషణ అనే 6 అంశాల్లో కష్టమెంతో అడిగే వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలను (వైకల్యాన్ని లెక్కించడానికి పలు దేశాల్లో వాడే ప్రశ్నావళి) వాడి, ‘చాలా కష్టం’, ‘అసలు చేయలేను’ అన్నవారిని లెక్కలోకి తీసుకోవాలి.

ఎన్ని కృత్రిమ కాళ్లు పంచారో రిజిస్టరే చెబుతుంది. ఇచ్చిన కాలు తలుపు వెనక దుమ్ము పట్టి ఉందా, మిగిలిన కాలు దూర్చే గిన్నె (సాకెట్) ఒరుసుకొని చర్మం కమిలిందా, మరమ్మతు ఎక్కడ చేయిస్తున్నారన్నది మాత్రం ఇంటికెళ్లి చూడవలసిందే. మన వైపే చూస్తే, కుప్పం నుంచి వికలాంగులకు చికిత్స చేసే తిరుపతి బర్డ్ ఆసుపత్రికి రావడానికే ఒక పూట పడుతుంది కనుక, శిబిరంలోనైనా ఊళ్లోనైనా ప్రయాణ ఖర్చునూ పోయిన కూలినీ అడిగి, శరణార్థుల జవాబులనూ స్థానికుల జవాబులనూ విడివిడిగా నమోదు చేయాలి.