నాలుగో నంబర్‌లోనే తిరిగే బ్లోయర్

మా కారులో ఏసీ గాలిని లోపలికి కొట్టే ఫ్యాన్ (బ్లోయర్) నాలుగో నంబర్ మీద పెడితే హోరుమని కొట్టేది. ఒకటి, రెండు, మూడులో పెడితే ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండానే "మోటార్ పోయింది, మార్చేద్దాం" అన్నాడు. పోయిన మోటార్ నాలుగులో ఎలా తిరుగుతుందని అడిగితే జవాబు లేదు. సరే, నేనే చూసుకుందామని గ్లవ్ బాక్స్ ఊడదీశాను.

నాబ్ తిప్పి స్పీడ్ మార్చే కార్లలో సంగతి ఇది: తక్కువ స్పీడ్‌లకు కరెంటు రెసిస్టర్ (కరెంటుని తగ్గించే చిన్న భాగం) గుండా వెళ్తుంది, ఫుల్ స్పీడ్‌కి దాన్ని తప్పించి నేరుగా వెళ్తుంది. కాబట్టి ఫుల్‌లో మాత్రమే తిరుగుతోందంటే ముందు రెసిస్టర్‌నే అనుమానించాలి. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో సాధారణంగా రెసిస్టర్ బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది, వాటికి ఈ లెక్క పనికిరాదు.

రెసిస్టర్ మామూలుగా బ్లోయర్ పక్కనే, గాలి వెళ్లే దారిలో రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. కారు ఆపగానే పట్టుకోవద్దు, నాకు వేలు చురుక్కుమంది. ఏదైనా విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. డాష్‌బోర్డ్ కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

కొత్త రెసిస్టర్ వేశాను, నాలుగు స్పీడ్‌లూ వచ్చాయి. రెండు నెలలకి మళ్లీ అదే కథ! ఈసారి రెసిస్టర్‌కి తగిలించే వైర్ల ప్లగ్‌ని వెలుతురులో పెట్టి చూస్తే ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉబ్బింది. పిన్ వదులైన చోట వేడెక్కి కాలిందన్నమాట. బ్లోయర్ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ లాగితే దుమ్ముతో దుప్పటిలా వచ్చింది. రెసిస్టర్ చల్లబడేదే ఆ గాలితో, గాలే లేకపోతే అది మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది? ప్లగ్, ఫిల్టర్ రెండూ మార్చాను. మోటార్ బయటికి తీసి దాని ఫ్యాన్ చక్రాన్ని వేలితో తిప్పి కూడా చూశాను. బరువుగా తిరిగితే బేరింగ్ పట్టేస్తున్నట్టు, అలాంటి మోటార్ ఎక్కువ కరెంటు లాగి కొత్త రెసిస్టర్‌ని కూడా తినేస్తుంది. నాది తేలిగ్గానే తిరిగింది.

ఏ స్పీడ్‌లోనూ తిరగకపోతే మొదట ఫ్యూజ్ చూడండి. పోయి ఉంటే అదే ఆంపియర్‌ది వేయాలి. మళ్లీ పోతోందని పెద్దది వేస్తే ఫ్యూజ్‌కి బదులు వైరు కాలుతుంది. ఫ్యూజ్ బాగుంటే రిలే (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్ లాంటి చిన్న డబ్బా) చూడండి. పక్కన అదే నంబర్ రిలే ఉంటే మార్చి చూడటం నిమిషం పని.

అప్పటికీ కదలకపోతే బ్యాటరీ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, మోటార్ వెనక స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. ఉలిక్కిపడి తిరిగిందా, లోపల బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగిపోయినట్టే, మోటార్ మార్చాల్సిందే. లేకపోతే మోటార్ ప్లగ్ తగిలించే ఉంచి, దాని వెనక నుంచి రెండు పిన్‌ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టుల దాకా వస్తున్నా తిరగకపోతే మోటార్ తప్పే. రాకపోతే లోపం స్విచ్, వైరింగ్, ఎర్త్‌లలో ఎక్కడో ఉంది.

టకటకమని శబ్దం వస్తే భయపడకండి, చాలాసార్లు చక్రంలో ఎండుటాకు ఇరుక్కుని ఉంటుంది. మోటార్ హోరు మామూలుగానే ఉండి, ఏసీలో చాలాసేపు నడిపాక గాలి తగ్గిపోతోందంటే బ్లోయర్‌ని తిట్టకండి. ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం పది నిమిషాలు తిరగనివ్వండి. గాలి మళ్లీ వచ్చిందంటే ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే ఏసీ భాగం) మీద మంచు పట్టింది, అది ఏసీ మెకానిక్ చూడాల్సిన పని.