పాత మియాటాలో సీట్ల వెనక తడి

వాన పడిన ప్రతిసారీ మొదటి తరం మాజ్డా మియాటా కారులో (అమెరికాలో 1990-97 మోడళ్లు) సీట్ల వెనక కార్పెట్ తడిసి ముక్కిన వాసన వస్తోందా? కొత్త టాప్ (మడిచే పైకప్పు) కొనే ముందు, దాని మీద పడ్డ వాననీళ్లు కిందకి దిగే గొట్టాలు చూడండి. చాలాసార్లు టాప్‌కి ఏమీ కాదు, ఆ గొట్టాల్లో ఆకులు, మట్టి పేరుకుపోతాయంతే.

టాప్ సగం దించితే, సీటు బెల్టుల వెనక మూలల్లో రెండువైపులా ఆ గొట్టాల్లోకి దిగే ఒక్కో రంధ్రం ఉంటుంది. పైచెత్త వేళ్లతో తీసేయండి. గడ్డి కోసే మెషిన్‌లో వేసే నైలాన్ తీగ ఓ మూడడుగులు తీసుకుని, కొన లైటర్‌తో కాస్త గుండ్రంగా చేసి, మెల్లగా తిప్పుతూ లోపలికి దింపాలి. తర్వాత అరలీటరు గోరువెచ్చటి నీళ్లు సన్నగా పోయండి. వెనక చక్రానికి ముందు, కారు కింద ధారగా పడితే దారి తెరుచుకున్నట్టే. చెట్టు కింద పెట్టే కారైతే ఆకులు రాలే కాలం అయ్యాక మళ్లీ ఓసారి చేయాలి.

ఇనపతీగ, కంప్రెసర్ గాలి మాత్రం వద్దు. గొట్టం లోపల ఊడిందంటే నీళ్లన్నీ కారులోకే. పోసిన నీళ్లు కిందకి రాకుండా కార్పెట్ మీదకొస్తే గొట్టం చిరిగిందనో, ఊడిందనో అర్థం, అప్పుడు మార్చాల్సిందే.