మహాకం ఎగువ ఊళ్లకు కొత్తగా వెళ్తున్నవారికి

ఇండోనేసియాలో, బోర్నియో దీవిలోని తూర్పు కాలిమంతాన్ రాష్ట్రానికి వాయవ్య కొసన, మహాకం నది పుట్టే వైపు, మహాకం ఉలు అనే జిల్లా ఉంది. 2012 చివర్లో పశ్చిమ కుతాయ్ నుంచి విడదీసి ఏర్పాటు చేశారు. జిల్లా కేంద్రం ఉజోహ్ బిలాంగ్. దానికి ఎగువన లాంగ్ పహాంగై, లాంగ్ అపారి మండలాలు. అక్కడి అడవి ఊళ్లలో ఎక్కువగా బహావు, కయాన్, అవోహెంగ్ తెగల దయాక్‌లు, అంటే బోర్నియో ఆదివాసులు, ఉంటారు. అటు వెళ్లేవారు ముందు కరెంటు గురించీ నెట్ గురించీ అడుగుతారు. అడగాల్సింది "నదిలో నీళ్లెలా ఉన్నాయి?" అని. సరుకుల ధర, వీసా గడువు, జ్వరానికి వైద్యం, అన్నీ ఆ నీటిమట్టం మీదే నడుస్తాయి.

దారి, గడువు

బాలిక్‌పాపన్‌లో విమానం దిగితే టోల్ రోడ్డు మీద రెండు గంటల్లో రాష్ట్ర రాజధాని సమరిందా. అక్కడి సుంగై కుంజాంగ్ రేవు నుంచి ప్రయాణికుల పడవలు పైకి వెళ్తాయి. లాంగ్ బాగున్ (ఉజోహ్ బిలాంగ్ ఉన్న మండలం ఇదే) దాకా నదిమీద 523 కిలోమీటర్లు, ఒకటిన్నర రోజు పైమాటే. నీళ్లు తగ్గితే పెద్ద పడవ దారిలోని తెరింగ్ దగ్గరే ఆగిపోతుంది. తెరింగ్ దాకా రోడ్డు మీద వెళ్లి, అక్కడ స్పీడ్‌బోటు ఎక్కడం చాలామంది చేసే పని. ఉజోహ్ బిలాంగ్ వైపు మట్టిరోడ్డు కూడా ఉంది గానీ వాన పడ్డాక దాన్ని నమ్ముకోవద్దు.

అసలు కష్టం లాంగ్ బాగున్ దాటాక. నది బండల మధ్య ఉరికే చోటును అక్కడ రియామ్ అంటారు. రియామ్ ఉదాంగ్, రియామ్ పంజాంగ్ రెండూ ఈ దారిలోనే తగులుతాయి. నీళ్లు మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా పడవ కదలదు. పడవ నడిపేవాడు "ఈరోజు వద్దు" అంటే డబ్బు పెంచి ఒప్పించే ప్రయత్నం చేయకండి. దిగి గట్టు వెంట నడవమంటే నడవండి. లైఫ్ జాకెట్ సమరిందాలోనే కొనుక్కోండి, ప్రతి పడవలోనూ ఉండదు. పాస్‌పోర్టు, మందులు, ఫోను రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి మీ ఒంటికే కట్టుకోండి, సామానుతో కలపకండి.

ఇక వీసా. భారతీయులకు దిగగానే ఇచ్చే వీసా 5 లక్షల రూపియాలు, 30 రోజులు, ఒక్కసారి మరో 30 రోజులు పొడిగిస్తారు. గడువు దాటితే రోజుకు 10 లక్షల రూపియాల జరిమానా. గడువు దాటాక 60 రోజులు మించితే దేశం నుంచి పంపేసి, మళ్లీ రాకుండా పేరు నిషేధ జాబితాలో వేస్తారు. నది ఎండిపోయి ఊళ్లో ఇరుక్కుపోయానంటే జరిమానా మాఫీ అవుతుందని లెక్కేసుకోకండి. పొడిగింపు పని పైకి వెళ్లకముందే సమరిందాలో ముగించండి. తిరుగు ప్రయాణానికి గడువుకు కనీసం పది రోజుల ముందే బయల్దేరండి. ఈ వీసా మీద జీతానికి పని చేయకూడదు. ఉద్యోగమైతే సంస్థే కితాస్, అంటే తాత్కాలిక నివాస అనుమతి, తీయించాలి, పరిశోధనైతే వేరే అనుమతి ఉంటుంది.

ఊళ్లో అడుగుపెట్టాక

గుమ్మాల మీద "24 గంటల్లో అతిథి కబురు చెప్పాలి" అన్న బోర్డులు కనిపిస్తాయి. అలంకారానికి పెట్టినవి కావు. సామాను దించగానే పెతింగి దగ్గరకు వెళ్లి పాస్‌పోర్టు నకలు ఇవ్వండి. పెతింగి అంటే మన సర్పంచ్ లాంటి మనిషి. తర్వాత ఆచార పెద్దను, అంటే కెపాల ఆదాత్‌ను, కలవండి. ఆచారం తప్పితే పడే జరిమానా తేల్చేది ఆయనే. ఊరికి కట్టుబాటు రోజులున్నాయేమో మొదటిరోజే అడగండి. ఆ రోజుల్లో బయటివాళ్లు రాకూడదు, లోపలివాళ్లు పోకూడదు.

భాష మరీ బెదరగొట్టదు. గురు అంటే గురువే, బహాస అంటే భాష. ఇస్త్రి భార్య (మన స్త్రీ), సువామి భర్త (మన స్వామి). పెద్దవాళ్లను బపక్, ఇబు అని పిలవండి, పేరు పెట్టి పిలవకండి.

ఒక విషయం మాత్రం కొత్తవాళ్లందరూ తప్పుతారు. ఎవరైనా అన్నమో కాఫీయో పెడితే "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అని మనం మర్యాదగా లేచిపోతాం. అక్కడ అది కీడు. పెట్టింది ముట్టకుండా వెళ్తే దారిలో పామో ప్రమాదమో ఎదురవుతుందని వాళ్ల నమ్మకం, కెపుహునన్ అంటారు. తినలేకపోతే వేలితో తాకి పెదవులకు ఆనించండి. అంతే చాలు, ఎవరూ బలవంతం చేయరు.

నది రేవులో

స్నానం, బట్టలు, పడవ, అన్నీ రేవులోనే. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టండి. పొద్దున్నే చూస్తే నది ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. మీ దగ్గర ఆకాశం నిర్మలంగా ఉన్నా, నీళ్లు ఒక్కసారిగా ఎర్రమట్టి రంగు తిరిగి, నురగ, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే ఎగువన గట్టి వాన పడింది. వెంటనే గట్టెక్కండి.

పడవ కట్టడంలోనే కొత్తవాళ్లు దెబ్బతింటారు. తాడు పొట్టిగా, కింద ఉన్న గుంజకు కడితే రాత్రికి రాత్రి నది లేచి ముందుకొసను కిందకు లాగుతుంది. నీళ్లు లోపలికొచ్చి ఇంజనుతో సహా మునుగుతుంది. గట్టు పైనున్న చెట్టుకు, పొడుగాటి తాడుతో కట్టండి. మరీ వదులుగా వదిలేసినా, నీళ్లు తీసిపోయాక పడవ ఒక పక్కకు ఒరిగి బండ మీద కూర్చుంటుంది. అందుకే రాత్రి ఒకసారి లేచి చూడటం అక్కడివాళ్లకు అలవాటు. చిన్న ఇంజను పడవను చెస్ అంటారు. దానికి సీసా పెట్రోలు కొంటే కాసేపు కదపకుండా నిలబెట్టి అడుగు చూడండి. నీళ్లు కలిస్తే అవి అడుగున వేరుగా కనిపిస్తాయి.

వరద భయం ఉత్తిది కాదు. 2024 మేలో ఉజోహ్ బిలాంగ్, లాంగ్ బాగున్ మునిగాయి. అద్దెకు ఇల్లు చూసుకునేటప్పుడు ఆ వరద గుర్తు గోడ మీద ఎక్కడిదాకా ఉందో చూపించమనండి.

తిండి, డబ్బు

ఎండాకాలం నది తగ్గితే సరుకు పైకి రాదు. 2025 ఎండల్లో పై మండలాల్లో 25 కిలోల బియ్యం బస్తా 10 లక్షల రూపియాలకు ఎగబాకింది. కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఆరు వారాల బియ్యం, ఉప్పు, నూనె నిల్వ ఉంచుకోండి. ఏటీఎం ఉజోహ్ బిలాంగ్ వరకే అనుకోండి. 10, 20, 50 వేల నోట్లు తీసుకెళ్లండి, లక్ష నోటుకు ఊరి కొట్లో చిల్లర దొరకదు.

ఊరివాళ్లది కొండవరి, మన ఏజెన్సీ పోడు లాంటిదే. వానలు వెనకబడ్డ నెలల్లో అడవి నరికి కాల్చి, మగవాళ్లు కర్రతో గుంటలు పొడుస్తూ పోతే ఆడవాళ్లు వెనకే గింజలు వేస్తారు. ఆ రోజు చేయి కలిపితే మీ గురించి ఊళ్లో మంచి మాట పుడుతుంది. కందిపప్పు దొరకదు. పెసలు సమరిందాలో దొరుకుతాయి, ఐదారు కిలోలు తీసుకెళ్లండి. చింతపండు, పచ్చిమిర్చికి లోటుండదు. పెరుగు మర్చిపోండి. కర్రపెండలం ఆకు కూర అక్కడ నిత్యం వండేదే, కానీ విషం పోవాలంటే బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. శాకాహారులకు పెద్ద చిక్కు రొయ్యల ముద్దతో. తెరసి అనే ఆ ముద్ద పచ్చళ్లలో కనిపించకుండా కలిసిపోతుంది, ముందే అడగండి.

జ్వరం వస్తే

ఎగువ ఊళ్లలో మలేరియా ఉంది. జ్వరం వచ్చిన రోజే మండల ఆరోగ్య కేంద్రంలో, అంటే పుస్కెస్మాస్‌లో, రక్తం చూపించండి. పరీక్షలో ఏమీ లేదన్నా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి. కోతుల నుంచి దోమల ద్వారా వచ్చే నోలెసి రకం మలేరియా పరీక్ష కిట్టుకు దొరక్కపోవచ్చు, పైగా అది 24 గంటలకోసారి పెరుగుతుంది. వైవాక్స్ రకం అయితే ప్రైమాక్విన్ మందు 14 రోజులు వాడాలి. మధ్యలో మానేస్తే నెలల తర్వాత తిరగబెడుతుంది. ఆ మందు జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ల ఎర్రరక్తకణాలను విరగ్గొడుతుంది, అందుకే ఆ పరీక్ష ఇంటి దగ్గరే చేయించుకుని కాగితం వెంట ఉంచుకోండి. కుక్కల రేబిస్ కూడా ఉంది. టీకా ముందే వేయించుకోండి, కరిచాక మందు అందడానికి రోజులు పట్టొచ్చు. జలగల గురించి అందరూ భయపెడతారు గానీ అవి చిరాకే తప్ప ప్రాణాంతకం కావు.

బతుకుతెరువు

ఇక్కడ కొత్తగా సంపాదించుకోవచ్చని వెళ్లేవారికి సూటిగా చెప్పాలంటే, లేదు. విదేశీయుడు పూర్తి హక్కుతో భూమి కొనలేడు. ఊరి మనిషి పేరున కొంటే ఆ కాగితం కోర్టులో నిలవదు. బంగారం కడిగే పనుల జోలికి అసలే పోకండి. మిగిలేవి కంపెనీ ఉద్యోగాలు, అడవి మీద పరిశోధన, అటవీ సంరక్షణ పనులు. అడవిని నిలబెట్టినందుకు తూర్పు కాలిమంతాన్‌కు ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి నుంచి 2022లో 2.09 కోట్ల డాలర్లు వచ్చాయి. కొలతలు, మ్యాపులు, లెక్కలు తెలిసినవారికి ఆ తరహా పనుల్లో చోటుంది. నియామక పత్రంలో జీతంతో పాటు నది ఖర్చు ఎవరు పెట్టుకుంటారో రాయించుకోండి: పైకి వెళ్లేటప్పుడు, కిందికి దిగేటప్పుడు, అర్ధరాత్రి జ్వరంతో స్పీడ్‌బోటు మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు.