వాషింగ్ మెషిన్ ఒకవైపే తిరుగుతుంటే: టైమర్ బాగుచేసిన తీరు

సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో నాబ్ తిప్పితే టైమర్ టిక్కుటిక్కుమంటూ నడుస్తుంది, అడుగు చక్రం మాత్రం ఒకవైపే తిరిగి ఆగుతుంది. బెల్టు బిగించినా, కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే భాగం) మార్చినా లాభం లేదు. దాంతో టైమర్ మీదే అనుమానం వచ్చింది.

ప్లగ్ పీకి, వైర్ల ఫోటో తీసుకుని, నాబ్ లాగేసి టైమర్ స్క్రూలు విప్పాను. స్ప్రింగు, పళ్లచక్రాలున్న వైపు జోలికి పోవద్దు, ఎగిరిపోతే మళ్లీ కూర్చోదు. రేకులున్న వైపు మూత తీస్తే చాలు. దిశ మార్చే కాంటాక్టు (కరెంటును కలిపి విడదీసే రేకు మొన) ఒకటి మసిబారి, మొనమీద చిన్న గుంట పడి ఉంది. 1000 నంబరు ఎమెరీ పేపరు సన్నటి ముక్క ఆ మొనల మధ్య పెట్టి నెమ్మదిగా లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. నూనె మాత్రం వేయొద్దు, నిప్పురవ్వలకు మాడి మళ్లీ మసి కడుతుంది. కరెంటు దారి కలిస్తే బీప్‌మనే మల్టీమీటర్ పెట్టి నాబ్ తిప్పితే రెండు దిశల కాంటాక్టులకూ బీప్ వచ్చాకే బిగించాను.

రేకు స్ప్రింగుతనం పోయినా, క్యామ్ (రేకుల్ని నొక్కే మిట్టపల్లాల చక్రం) అరిగినా ఇది పనిచేయకపోవచ్చు. అప్పుడు తిరుపతిలో స్పేర్ పార్ట్స్ షాపుకు పాత టైమర్ పట్టుకుపోండి, వైర్ల లెక్క, షాఫ్టు ఆకారం రెండూ కలవాలి.